ఆర్డరు మార్చిన చెయ్యి

“వదినా, ఈ నెలాఖరు వరకు వస్తే చాలు. ఆ తర్వాత మీరు కంపెనీకి రానక్కర్లేదు!”

మరిది ఆ మాట అన్నది ఆఫీసులో కాదు. అత్తగారింటి హాల్లో, అందరి ముందూ! మామగారు పేపరు మడిచి పక్కన పెట్టారు. అత్తగారు కళ్ళజోడు తుడుచుకుంటూ గోడకేసి చూశారు. తోటికోడలు ఒక్కతే “అయ్యో, అక్కా...” అనబోయి, భర్త చూపు చూసి ఆగిపోయింది.

“కొత్త సాఫ్ట్‌వేర్ వస్తోంది వదినా. ఇంకా ఆ నల్ల తెర, పచ్చటి అక్షరాలు పెట్టుకుని కూర్చుంటే నలుగురూ నవ్వుతారు. దాన్ని తయారుచేసినాయన దుకాణం కట్టేసి పదేళ్ళయింది. మీకు జ్వరమొచ్చి పడుకుంటే కంపెనీ కూడా పడుకుంటోంది. ఎన్నాళ్ళిలా?”

అందులో అబద్ధం లేదు. అదే పెద్దకోడల్ని ఎక్కువ మండించింది!

అది పంపుల విడిభాగాలు అమ్మే కంపెనీ. పంతొమ్మిదేళ్ళ క్రితం ఆ పాత ప్రోగ్రాం కొన్నప్పుడు, వేల సరుకులకు కోడ్లు పెట్టి, ఒక్కొక్కటే అందులోకి ఎక్కించింది ఆమే. ఏ అరలో ఏ బేరింగు ఉందో తెరకు తెలియాలంటే ముందు ఆమెకు తెలియాలి. అందుకే మూడేళ్ళ క్రితం ఆమె భర్తను గుమ్మం తొక్కొద్దని గెంటేసిన రోజున కూడా మామగారు ఆమెను మాత్రం వదులుకోలేకపోయారు. “నువ్వు రా అమ్మా. నీతో మాకు తగువేముంది?” అన్నారు. భర్త తొక్కకూడని గుమ్మాన్ని ఆమె మూడేళ్ళుగా రోజూ తొక్కుతోంది... ఎందుకు? ఇంట్లో చదువుకునే ఆడపిల్ల ఉంది. బస్సుల వర్క్‌షాపులో స్టోరు చూసుకునే భర్త జీతం ఒక్కటీ చాలదు. అంతకంటే ఆత్మగౌరవం ఎక్కువా అని ఆమెనెవరూ అడగలేదు. అడిగి ఉంటే అక్కడే కూలబడి ఏడ్చేసేది!

ఇంతకీ ఆయన చేసిన నేరమేమిటి? ఊళ్ళోకెల్లా పెద్ద లాండ్రీ నుంచి వచ్చిన ఆర్డరులో, వేడినీటి పంపుకు నీళ్ళు కారకుండా వెయ్యాల్సిన రబ్బరు సీలుకు బదులు చన్నీటి సీలు వెళ్ళింది. రెండూ ఒకటే కొలత, చూడ్డానికి కవల పిల్లల్లా ఉంటాయి. రెండు రోజులకే అది కరిగి, మరిగే నీళ్ళు ఎగజిమ్మి, పంపు ఆపరేటరు కుడిచెయ్యి మోచేతి దాకా కాలిపోయింది. ఆర్డరు రాసింది పెద్దకొడుకు. “నేను సరిగ్గానే రాశాను నాన్నా!” అని ఆయన ఎంత మొత్తుకున్నా తెర మీద చన్నీటి సీలే కనబడుతోంది. పనివాళ్ళందరి ఎదుటా, కౌంటరు దగ్గర మామగారు ఆయన చెంప పగలగొట్టారు. నలభై రెండేళ్ళ మనిషిని!

ఆ రోజు నుంచి ఆయన ఆయన కాదు. వేసిన తాళాన్ని మూడుసార్లు లాగి చూస్తారు. చీటీ మీద రాసిన అంకెనే మళ్ళీ మళ్ళీ చదువుకుంటారు. “నేనే పొరబడ్డానేమోనే... నా చెయ్యి నన్నే మోసం చేసిందేమో...” అంటారు. తన చేతిని తానే నమ్మలేని మనిషి పక్కన బతకడమెంత నరకమో ఆమెకు తెలుసు!

కొత్త సాఫ్ట్‌వేర్ కంపెనీ నుంచి యాభై ఏళ్ళ ఆవిడ ఒకరు వచ్చారు. పాత సమాచారంలో ఏది కొత్తదానిలోకి తేవాలో చూసి సంతకం పెట్టే పని పెద్దకోడలిది. ఆ పాతదాని సంగతి వేరే ఎవరికి తెలుసు గనుక? మూడో రోజున ఆవిడ ఒక పట్టిక తెరిచి, “ఇదేమిటో మీకు తెలుసా అమ్మా?” అని అడిగారు.

“లేదు మేడమ్. ఎప్పుడూ చూడలేదు.”

“చూసే దారి పెట్టలేదు లెండి, దీన్ని రాసినాయన. ఆర్డరులో ఎవరు ఏ అక్షరం మార్చినా, ఎవరి పాస్‌వర్డుతో, ఏ టైముకు మార్చారో ఈ ప్రోగ్రాం తనలో తాను రాసుకుంటూ పోయింది. మీ చిన్న సారు పాత చెత్తేదీ వద్దన్నారు. తీసేద్దామా?”

ఆమె కుర్చీ దగ్గరికి లాక్కుంది.

“ఒక తేదీ చెబుతాను... చూస్తారా మేడమ్?”

తెర మీదికి లాండ్రీ ఆర్డరు వచ్చింది. ఉదయం తొమ్మిదీ పది: రెండో నంబరు పాస్‌వర్డు, వేడినీటి సీలు. రెండో నంబరు ఆమె భర్తది. దాని కింద ఇంకో వరుస... మధ్యాహ్నం మూడూ నలభై: మూడో నంబరు పాస్‌వర్డు. వేడినీటి సీలు తీసేసి, చన్నీటి సీలు.

మూడో నంబరు మరిదిది!

బల్ల అంచు గట్టిగా పట్టుకుంది. ఏడుపు రాలేదు.

“తీసెయ్యకండి మేడమ్,” అంది మెల్లగా. “ఒక్క ముక్క కూడా పోకూడదు. కొత్తదాంట్లో అందరికీ కనబడేలా పెట్టండి. సంతకం నేను పెడతాను.”

ఆ సాయంత్రం భర్తకు చెప్పింది. ఆయన చాలాసేపు తన కుడి అరచేతిని తిప్పి తిప్పి చూసుకున్నారు. “అయితే... నేను తప్పు రాయలేదా?” అని చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చారు. ఆ తర్వాత ముఖం కడుక్కుని వచ్చి అన్న మాట విని ఆమె నిర్ఘాంతపోయింది.

“వదిలెయ్యవే. వాడు నా తమ్ముడు.”

“మీకు తమ్ముడేమో! నాకెవరు? మీరు వదిలెయ్యండి, అది మీ మంచితనం. నాకంత మంచితనం లేదు. నేను వదలను!”

ఆ తర్వాత పన్నెండు రోజులు ఆమె నవ్వుతూ పనిచేసింది. మరిది అడిగినవన్నీ చెప్పింది. కొత్త కోడ్లు పనివాళ్ళకు దగ్గరుండి నేర్పింది. “వదిన ఇంత సులువుగా ఒప్పుకుంటుందనుకోలేదు” అని అతను పెళ్ళాంతో అన్నాడట. ఆ మాట విని లోపల ఎంత చల్లగా నవ్వుకుందో ఆమెకే తెలుసు!

కొత్త సాఫ్ట్‌వేర్ మొదలుపెట్టే రోజు మరిది గోడకు పెద్ద తెర కట్టించాడు. మామగారు, అత్తగారు, తోటికోడలు, ఏడుగురు పనివాళ్ళు, వాడుక ఖాతాదార్లు వచ్చారు. ఖాతాదార్లను పిలిచే పని ఆమెకే అప్పగించాడు. ఆమె లాండ్రీ యజమానినీ పిలిచింది, ఆ పంపు ఆపరేటరునూ పిలిచింది. అతను కాలిన చెయ్యి పొడుగు చొక్కాలో దాచుకుని వెనక నిలబడ్డాడు.

“పాత సమాచారమంతా ఇందులోకి భద్రంగా వచ్చేసింది!” అన్నాడు మరిది గర్వంగా. “వదినా, ఏదైనా ఒక పాత ఆర్డరు తీసి చూపించండి.”

ఆమె తీసింది. ఏ ఆర్డరో అందరికీ తెలిసిపోయింది. ఆమె ఇంకో బటన్ నొక్కింది. రెండు వరుసలూ మనిషెత్తున గోడ మీద వెలిగాయి.

“చదువు,” అంది మరిదితో. “నా కళ్ళు సరిగా లేవు. నువ్వు చదివి మీ నాన్నకు వినిపించు!”

అతని ముఖంలో నెత్తురు చుక్క లేదు. “అది... పాత ప్రోగ్రాం కదా... ఏదో తప్పు...” అని నసిగాడు. అప్పుడు తోటికోడలు ముందుకొచ్చింది.

“మీరేనా?... నా కళ్ళలోకి చూసి చెప్పండి. బావగారు దెబ్బ తింటుంటే పక్కన నిలబడి చూసింది మీరేనా?”

అతను కూలబడిపోయాడు. “వేడినీటి సీళ్ళు అయిపోయాయి నాన్నా... ఆ రోజే పంపకపోతే ఆర్డరు పోతుందని... కొలత ఒకటే కదా అనుకున్నాను. ఇలా అవుతుందని... తర్వాత చెప్పడానికి ధైర్యం చాల్లేదు...”

వెనకనుంచి ఆపరేటరు గొంతు వినబడింది. “మీ పెద్దబ్బాయి ఇన్నాళ్ళూ నెలనెలా మా ఇంటికొచ్చేవారు సార్. నా చెయ్యి పట్టుకుని, నా వల్లే అయిందయ్యా అని ఏడ్చి వెళ్ళేవారు...”

ఆ సంగతి ఆమెకే తెలియదు! అత్తగారు పరుగున వచ్చి ఆమె చేతులు పట్టుకున్నారు.

“చాలమ్మా... నలుగురిలో వాణ్ణి ఇంక చంపకు! వాడు నా కడుపున పుట్టినవాడమ్మా!”

“ఆయన మాత్రం ఎవరి కడుపున పుట్టారు అత్తయ్యా?”

అత్తగారి చేతులు జారిపోయాయి.

“నాకు వాడి వాటా వద్దు, వాడి ఉద్యోగం వద్దు,” అందామె మామగారి వైపు తిరిగి. “మా ఆయన ఏ కౌంటరు దగ్గర తల దించుకున్నారో, అక్కడే నిలబడి ఇప్పుడు చెప్పినదంతా మళ్ళీ చెప్పమనండి. గట్టిగా! ఆ చెయ్యి కాలిన మనిషి ముఖం చూస్తూ చెప్పమనండి!”

మామగారు ఊతకర్ర నేలకు తాటించి, “లేవరా,” అన్నారు చిన్నకొడుకుతో. అతను లేచాడు. కౌంటరు దగ్గర నిలబడి చెప్పాడు. ఆమె ఒక్కొక్క మాటా చెవులారా విని, బ్యాగు తీసుకుని బయటికి నడిచింది. కసి తీరితే తేలిగ్గా ఉంటుందంటారు. ఆమెకు మాత్రం భుజాన బ్యాగు ఎప్పటంత బరువుగానే ఉంది... అంతే.

మర్నాడు పొద్దున్నే అద్దె ఇంటి మెట్ల మీద కర్ర చప్పుడు. మూడేళ్ళలో ఆ ఇంటి ముఖం చూడని మామగారు ఆయాసపడుతూ గుమ్మం బయట నిలబడ్డారు. ఆనాడు ఎత్తి కొట్టిన చేతినే ముందుకు చాచారు.

“రండి నాన్నా... ఎండలో ఎందుకొచ్చారు?” అంటూ భర్త ఆ చేతిని అందుకుని, కుర్చీ దులిపి కూర్చోబెట్టేశారు!

అంతేనా? మూడేళ్ళ నరకానికి ఒక్క కుర్చీ దులిపితే సరిపోయిందా? ఆమె వంటింట్లోకి వెళ్ళి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని కుళ్ళి కుళ్ళి ఏడ్చింది. బయట ముసలాయన ఏడుస్తున్నారు. ఆయన్ని ఓదారుస్తూ భర్త కూడా ఏడుస్తున్నారు. చాలా రోజుల తర్వాత ఆ గొంతులో బెదురు లేదు.

ఆమె కళ్ళు తుడుచుకుని, గ్లాసు నిండా మంచినీళ్ళు పట్టుకొచ్చింది. మామగారు ఆమెను చూసి లేవబోయారు. “అమ్మా, నువ్వు కూడా నన్ను...”

“కూర్చోండి మామయ్యా. మీ అబ్బాయి క్షమించారు. ఆయన మనసు అలాంటిది.” ఆమె గ్లాసు ఆయన చేతికిచ్చి, వణికే ఆ వేళ్ళు కుదురుకునే దాకా తన చెయ్యి కింద పట్టి ఉంచింది. “నేను ఇంకా క్షమించలేదు. ముందు నీళ్ళు తాగండి.”