నలభై ఏడో నంబర్ బిళ్ల

మల్లేశం మెడకు నీలం రంగు నెట్‌వర్క్ కేబుల్ బిగిసి ఉంది. చంద్రపూర్ డేటా సెంటర్‌లో, పట్టపగలు పదకొండింటికి, తాను నడిపే సర్వర్ల మధ్యే ఆ ఇంజినీర్ ఊపిరి ఆగింది. పిడికిలి తెరవడానికి ఏజెంట్ ఉజ్వల అతని రెండు వేళ్లు విరవాల్సి వచ్చింది. లోపల ఇత్తడి బిళ్ల. నంబర్ 47.

ఇయర్‌పీస్‌లో నాగపూర్ నుంచి చీఫ్ సంజీవ్ గొంతు.

"ఇను. గనుల గ్యాస్ రీడింగులన్నీ ఆ స్టోరేజ్ క్లస్టర్లనే ఉంటయి. ఏ డేటా ఏ సర్వర్ల ఉండాల్నో చెప్పే మ్యాప్ ఇయ్యాల మధ్యాహ్నం ఒకటి నలభై ఐదుకు మారుతది. ఆటోమేటిక్."

"కొత్త మ్యాప్ చదవరాని పాత క్లయింట్ కంప్యూటర్ ఉంటే?"

"దాని కనెక్షన్ తెగుతది. గందుకే ముందుగాల చెక్. ఒక్క పాతది కనబడ్డా సిస్టం మార్పు ఒప్పుకోదు. అన్నీ కొత్తవే అని వైశాలి రిపోర్ట్ ఇచ్చింది."

"మరి మల్లేశంను ఎందుకు చంపిన్రు సార్?"

ఉజ్వల బిళ్లను జేబులో వేసుకుంది.

వైశాలి అంటే ఎర్ర లిప్‌స్టిక్, నల్ల కళ్లద్దాలు, గనులను దెబ్బతీయాలని చూస్తున్న విదేశీ ముఠాలో మనవాళ్లు నాటిన గూఢచారి. అని అందరి నమ్మకం.

అలాంటి బిళ్లలు గనిలోకి దిగేవాళ్లకిస్తారు; దీని వెనక లాల్‌పేట్ గని ముద్ర ఉంది. ఒకటి ముప్పై ఐదుకు, చేతిలో అటుకుల టిఫిన్ క్యారియర్‌తో, ఉజ్వల ఆ గని ల్యాంప్ రూమ్‌లో ఉంది.

"తర్రీ పోహా తెచ్చిన కాకా. కారం ఎంత?"

"కండ్లల్ల నీళ్లొచ్చేంత," అన్నాడు దీపాలిచ్చే రామకిషన్. కోడ్ కలిసింది; మన మనిషే.

మూలన గుడ్డ కప్పిన పాత కంప్యూటర్.

"గిదేంది కాకా?"

"గ్యాస్ చూసే మిషన్. ఎక్కువుంటే లిఫ్ట్‌కు తాళమేస్తది. రీడింగ్ రాకుంటే సున్నా అనుకుంటది, పిచ్చిది. ఊకె వేడెక్కుతదని షిఫ్ట్ దిగేముందే ఆన్ చేస్త."

ఉజ్వలకు లెక్క తెలిసింది. చెక్ చేసిన క్షణంలో ఆన్‌లో ఉన్న క్లయింట్లే లిస్టులో కనబడతాయి. ఈ పాతది నిద్రలో ఉంది. రెండింటికి నూట అరవై మంది దిగుతారు. కింద గ్యాస్ నిండేలా ముఠా గాలి దారి మూసేసి ఉంటుంది. మ్యాప్ మారాక రీడింగ్ అందక మిషన్ సున్నా చూపిస్తుంది, లిఫ్ట్‌కు తాళం పడదు.

ఫోన్ తీసింది. అది అరచేతిలోనే పగిలింది. బుల్లెట్ చేతిని చీల్చుకుపోయింది. రెండోది రామకిషన్ భుజంలో దిగింది.

గుమ్మంలో వైశాలి, సైలెన్సర్ పిస్టల్.

"బస్ ఝాలం, ఇగ చాలు ఉజ్వలా తాయీ. మ్యాప్ మారేదాంక సప్పుడు చెయ్యకు."

"మల్లేశంను నువ్వేనా?"

"లిస్టు మల్ల చూస్తనన్నడు. మొండోడు."

ఉజ్వల క్యారియర్ పిడి నొక్కింది. అడుగు గిన్నెలోంచి కారం పొగ వైశాలి కళ్లలోకి చిమ్మింది. గుడ్డిగా పేలిన గుండు ఉజ్వల తొడలో దిగింది. అయినా ఆగలేదు. గోడకున్న దీపాన్ని వైరు పట్టుకుని తిప్పి కొట్టింది. వైశాలి దవడ విరిగిన చప్పుడు. పళ్లు నేలమీద రాలాయి.

"కాకా, ఆన్ చెయ్!"

రామకిషన్ మోచేత్తో స్విచ్ నొక్కాడు. "నాలుగు నిమిషాలు పడ్తది బిడ్డా!"

టైమ్ ఒకటి నలభై ఒకటి.

వైశాలి కత్తితో ప్లగ్ వైపు పాకింది. ఉజ్వల ప్లగ్ మీద బోర్లా పడింది. కత్తి వీపులో దిగింది, లేచింది, మళ్లీ దిగింది. మూడోసారి లేచేలోపు దీపం వైరు వైశాలి మెడకు చుట్టుకుంది. ఉజ్వల బిగించింది. కాళ్లు కొట్టుకోవడం ఆగేదాకా వదల్లేదు.

ఒకటి నలభై నాలుగు, యాభై ఎనిమిది సెకన్లు. కంప్యూటర్ మీద పచ్చ చుక్క.

నాగపూర్‌లో చీఫ్ తెర ఎర్రబడింది: పాత క్లయింట్ ఉంది, మార్పు కుదరదు. ఇక్కడ సైరన్ మోగింది. లిఫ్ట్ తాళం ఖణేల్‌మని పడింది. కింద నిజంగానే గ్యాస్ ఉంది.

కిటికీలోంచి ఒక కుర్ర కార్మికుడు తొంగి చూశాడు. "నేను ఎల్లేష్‌ను కాకా. పొద్దున మల్లేశమన్న ఇయ్యాల దిగొద్దని నా బిళ్ల గుంజుకుండు. బిళ్ల లేకుంటే దింపరాయె. అన్న ఏడున్నడో తెలుసా?"

ఉజ్వల నెత్తుటి చేతిలోని బిళ్ల అతని అరచేతిలో పెట్టింది.

రామకిషన్ భుజం పట్టుకుని కంప్యూటర్ వైపు చూశాడు. "ఆరేండ్ల సంది కొత్తది ఇయ్యున్రని అర్జీలు పెడ్తున్న. గిప్పుడిది మందిని కాపాడె, ఇగ సచ్చినా ఇయ్యరు."