పచ్చలైటు వెలుగుతూనే ఉంది

వచ్చినాయనకి కుర్చీ చూపించినా కూర్చోలేదు. గిటార్ సంచి భుజాన ఉండగానే తలుపు దగ్గర నిలబడి ఒకే మాట అడిగాడు.

"నా వేళ్ళు పనిచేస్తున్నాయో లేదో కనిపెట్టి చెప్పగలరా అమ్మా?"

మిషన్ ముందున్న టైపిస్టు తలెత్తాడు. దొంగతనాల కేసులు విన్నాడు, దొంగ సంతకాల కేసులు విన్నాడు. వేళ్ళ కేసు ఇదే మొదటిసారి. ఆపరేటర్ మాత్రం నవ్వలేదు. ఆవిడ ఇరవై రెండేళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో కూర్చుని ఊరందరి గొంతులూ విన్న మనిషి. ఎక్స్ఛేంజి మూసేసి అందర్నీ ఇంటికి పొమ్మన్నాక, ఈ ఒంటిగది అద్దెకి తీసుకుని అపరాధ పరిశోధన మొదలెట్టింది. బోర్డు మీద పేరున్నా ఎవరూ చదవరు. అందరికీ ఆపరేటర్ గారే. టైపిస్టుకి ఆవిడంటే ఎక్కడలేని గురి. రిటైరయ్యాక ఇంట్లో పలకరించే దిక్కు లేక, రోజూ ఇక్కడికొచ్చి ఆవిడ నివేదికలు కొట్టిపెడుతుంటాడు.

"కూర్చుని చెప్పండి. మొదట్నుంచీ."

ఆయన బేస్ గిటార్ వాయిస్తాడు. ఒకే పాటల బృందంలో పాతికేళ్ళు. పెళ్ళి లేదు, పిల్లల్లేరు, ఉన్న ఒక్క అన్నా పోయాడు. బృందంలో అందరూ బేసన్న అంటారు. అసలు పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేక అది తనకే కొత్తగా వినిపిస్తుందన్నాడు.

"రెండు నెలల్లో మూడు ప్రోగ్రాముల్లో నా బేస్ ఆగిపోయింది. అర నిమిషం, నిమిషం. మళ్ళీ దానంతట అదే వచ్చింది. మా బృందం నడిపే మేడమ్ అంటుంది, నేను వాయించడం మర్చిపోతున్నానని. ఆదివారం ఇంకోసారి జరిగితే రావద్దంది."

"మీకు తెలీదా, వాయించారో లేదో?"

"అదేనమ్మా నా భయం." ఆయన తన ఎడమ చెయ్యి తిప్పి చూసుకున్నాడు. "స్టేజి అంచుకి వెళ్ళాక నా సౌండ్ నాకే సరిగా వినపడదు. పాటే వినిపిస్తుంది. వేళ్ళు కదిలాయనే అనుకుంటాను. అందరూ ఒకటే మాటంటే మనమీద మనకే నమ్మకం పోతుంది కదా. ఆ బృందం లేకపోతే నాకు ఆదివారం ఎవరితో మాట్లాడాలో కూడా తెలీదు."

"యంత్రం పాడైందేమో."

"అందరూ చూశారు. ఆగినప్పుడల్లా వైర్‌లెస్ రిసీవర్ మీద పచ్చలైటు వెలుగుతూనే ఉంది. బ్యాటరీ అయిపోతే, సిగ్నల్ పోతే ఎర్రలైటు రావాలి. పచ్చలైటుంటే సిగ్నల్ అందుతున్నట్టే. ఆంప్లిఫయర్ బాగుంది, స్పీకర్లు బాగున్నాయి. ఇక మిగిలింది నేనే."

"వైర్‌లెస్ మానేసి వైరు పెట్టుకోవచ్చుగా?"

"మేడమ్ ఒప్పుకోదు. స్టేజి మీద వైర్లు కనపడకూడదు, అందరూ అటూ ఇటూ తిరుగుతూ వాయించాలి అని ఆవిడ రూలు. రెండు నెలల క్రితం ఆవిడ మాట మీదే కొన్నాను. స్పీకర్ల పెట్టె కూడా అప్పుడే మార్చాను. పాతదాంట్లో పదిహేను అంగుళాల స్పీకరు ఒకటే, నేల మీద పొట్టిగా ఉండేది. కొత్తది నా ఛాతీ అంత ఎత్తు, పది అంగుళాలవి ఎనిమిది స్పీకర్లు. కొట్లో మా డ్రమ్ముల బావ కూడా ఉన్నాడు. చిన్న పెట్టె తీసుకో బావా, మొయ్యలేక చస్తావన్నాడు. మేడమ్ ఫోన్ చేసి పెద్దదే కావాలంది. వెనకాల నిండుగా కనపడాలట."

ఆపరేటర్ సంచి భుజాన వేసుకుంది. "పదండి టైపిస్టు గారూ."

* * *

రిహార్సల్ గది ఒక మూతపడ్డ గోడౌన్ పైఅంతస్తులో ఉంది. కిటికీలకి దుప్పట్లు కొట్టేశారు, సౌండ్ బయటికి పోకుండా. వెనక వరసలో ఆ పొడుగు పెట్టె. దాని పక్కనే, చెయ్యి చాపితే అందేంత దూరంలో డ్రమ్ములు. డ్రమ్ముల ఆయనకి పెట్టె ఎడమవైపున వస్తుంది. పెట్టె నెత్తిన రిసీవర్. కీబోర్డు గదికి అవతలి చివర, పది పన్నెండు అడుగుల దూరాన. మేడమ్ ముందు నిలబడి పాడుతుంది. ప్రోగ్రాముల్లోనూ ఇదే అమరిక.

మేడమ్ మాటలు కత్తిరించినట్టుంటాయి.

"చూడండమ్మా, నాకు ఆయన మీద కక్షేమీ లేదు. వయసైపోయింది. మూడుసార్లూ ఒకే పాటలో, నేను నెమ్మదిగా ఒక్కదాన్నే మొదలెడతానే, అందులో. కింద బేస్ ఉండాలి. లేదు. తర్వాత డ్రమ్ము పడగానే ఠక్కున వచ్చేసింది. డ్రమ్ము దెబ్బకి నిద్ర లేచినట్టు."

"మూడుసార్లూ డ్రమ్ము పడగానేనా?"

"పడగానే. ఇంకేం కావాలి మీకు?"

"ఆయన లేకపోతే బేస్ ఎవరు వాయిస్తారు?"

"కీబోర్డు పిల్ల ఎడమచేత్తో లాగిస్తుంది. ఒక మనిషి తగ్గుతాడు."

చూశారా, మనిషి తగ్గుతాడట! పాతికేళ్ళు మోసిన మనిషి ఆవిడ నోట్లో ఒక అంకె. టైపిస్టుకి ఒళ్ళు మండింది. ఆపరేటర్ మొహం మాత్రం మారలేదు.

కీబోర్డు వాయించే అమ్మాయి చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. "నాకు లాభం కదా, అందుకని నన్ను అనుమానిస్తున్నారా అక్కా?"

"లాభమేనా?"

"కుడిచేతికి పాట, ఎడమచేతికి బేస్. రెండు పనులకి ఒకే మనిషి. దీన్ని లాభమంటే మా అమ్మ నవ్వుతుంది. బేసన్న వెళ్ళిపోతే నాతో జోకులేసేవాళ్ళు కూడా ఉండరిక్కడ."

"ఆ పాట మొదట్లో నువ్వు ఎక్కడుంటావు?"

"ఇక్కడే. రెండు చేతులూ మెట్ల మీదే. ఖాళీగా ఉండేది డ్రమ్ముల మామయ్య ఒక్కడే. మేడమ్ రెండో లైను అయ్యేదాకా ఆయనకి పనిలేదు. ఆ లైను చివర విని ఆయన అందుకోవాలి."

చివరికి డ్రమ్ముల బావ. బేసన్నకీ ఇతనికీ చుట్టరికం లేదు. పాతికేళ్ళుగా బావా అంటే బావా అనుకుంటారంతే. ఆపరేటర్ వెళ్ళి అతనికి ఎడమపక్క స్టూలు మీద కూర్చుంది. అతను వెంటనే లేచి, తన పీట ఎత్తి ఆవిడకి అవతలి పక్కగా వేసుకున్నాడు.

"ఇటు గాలొస్తుందమ్మా," అన్నాడు.

కిటికీలకి దుప్పట్లు కొట్టిన గదిలో గాలేమిటో టైపిస్టుకి తోచలేదు. మర్యాదకేలే అనుకున్నాడు.

"మీ బావ మర్చిపోతున్నాడంటారా?"

"నేనలా అనను."

"మరి ఎవరన్నా అన్నప్పుడు, కాదని చెప్పారా?"

అతను డ్రమ్ము కర్రలు ఒకదానికొకటి జాగ్రత్తగా ఆనించి పెట్టాడు. "మేడమ్ ముందు ఎవరం మాట్లాడతామమ్మా."

* * *

వైర్‌లెస్ కొన్న కొట్టు మార్కెట్టు వెనక సందులో ఉంది. పెట్టెల గురించి అడగ్గానే కొట్టాయనకి ప్రాణం లేచొచ్చింది.

"పదిహేను అంగుళాలది ఒక్కటుంటే సౌండ్ నేలబారున పోతుంది, కాళ్ళకి తగుల్తుంది. ఎనిమిదీ రెండేసి చొప్పున నాలుగు వరసలు పేర్చిన పొడుగు పెట్టెనుకోండి, పై వరస నాలుగడుగుల ఎత్తులో ఉంటుంది. నిలబడ్డవాళ్ళకి ఛాతీ మీద గుద్దినట్టుంటుంది. కూర్చున్నవాళ్ళకైతే..." ఆయన తన చెవి దగ్గర చెయ్యి పెట్టి చూపించి నవ్వాడు. "సూటిగా ఇక్కడే. దాని పక్కన పీటేసుకుని కూర్చోవడం మాత్రం చెయ్యకూడదు."

"బేసన్నకి అమ్మిన వైర్‌లెస్ రకానిదే ఇంకొకటి ఎవరన్నా కొన్నారా?"

"మొత్తం సెట్టు ఎవరూ కొనలేదు. గిటార్ సౌండ్ పంపడానికి నడుముకి పెట్టుకునే ట్రాన్స్‌మిటర్ మాత్రం ఒకటి పోయింది. నేను భోజనానికెళ్ళినప్పుడు మా ఆవిడ అమ్మింది."

ఆవిడ లోపల్నుంచి వచ్చింది. "మొహం గుర్తులేదమ్మా, టోపీ ఉంది. రిసీవర్ అక్కర్లేదు, ట్రాన్స్‌మిటర్ ఒక్కటే చాలన్నాడు. ఏం చెప్పినా మళ్ళీ చెప్పమనేవాడు. కుడిచెవి నా వైపు తిప్పి నిలబడ్డాడు. నా గొంతు పోయింది ఆ పూట."

ఆపరేటర్ అదే రకం ట్రాన్స్‌మిటర్ ఒకటి ఒక్కరోజుకి అడిగి తీసుకుంది. బయటికొచ్చి నడక అందుకుంది. చిక్కు కేసు ఛేదించిన సంతోషం ఆ మొహంలో ఉండాలి కదా, లేదు. టైపిస్టు పక్కనే నడుస్తూ అడిగాడు.

"దొరికాడా అండీ?"

"దొరికాడు. దొరక్కుండా ఉంటే బాగుండేది."

* * *

శనివారం మధ్యాహ్నం ఆపరేటర్ అందర్నీ రిహార్సల్ గదిలో కూర్చోబెట్టింది. బేసన్నని గిటార్ తగిలించుకుని ముందుకొచ్చి నిలబడమంది.

"వాయించండి. ఆపమనేదాకా ఆపొద్దు."

బేస్ మోగింది. గదిలో నేల అదిరింది. ఆపరేటర్ సంచిలో చెయ్యి పెట్టి కీబోర్డు దగ్గర నిలబడింది. కొంచెం గరగర వచ్చింది, అంతే. అక్కణ్ణుంచి నడుచుకుంటూ పెట్టె దగ్గరికెళ్ళి ఆగింది. బేస్ ఆగిపోయింది. శుభ్రంగా, చాకుతో కోసినట్టు. బేసన్న వేళ్ళు ఆడుతూనే ఉన్నాయి. పెట్టె మీద పచ్చలైటు వెలుగుతూనే ఉంది.

"చూస్తున్నారా మేడమ్? ఆయన వేళ్ళు చూడండి. ఇవేనా మీరు ముసలివన్న వేళ్ళు?"

ఆపరేటర్ సంచిలోంచి ట్రాన్స్‌మిటర్ తీసి ఆపేసింది. బేస్ మళ్ళీ మోగింది.

"ఇది ఆయన నడుముకున్నలాంటిదే. అదే ఛానల్ మీద పెట్టాను. రిసీవర్‌కి ఎవరు మాట్లాడుతున్నారో తెలీదు, దగ్గరున్నదాని మాటే వింటుంది. నా దాంట్లో గిటార్ లేదు, కాబట్టి అది మౌనాన్ని పంపింది. సిగ్నల్ ఉంది కాబట్టి పచ్చలైటు. మీరందరూ లైటుని నమ్మారు. మనిషిని నమ్మలేదు."

"ఎవరు?" అంది మేడమ్.

"దూరం నుంచి చేస్తే గరగర వస్తుంది. ఇంత శుభ్రంగా ఆగాలంటే పెట్టె పక్కనే ఉండాలి. మీరు ముందుంటారు, ఈ అమ్మాయి అవతలి చివరుంటుంది. పైగా మూడుసార్లూ ఆ పాట మొదట్లోనే ఆగింది. అప్పుడు మీరు పాడుతున్నారు, ఈ అమ్మాయి రెండు చేతులూ పనిలో ఉన్నాయి. చేతులు ఖాళీగా ఉన్నది ఒక్కరికే. డ్రమ్ము పడగానే బేస్ వచ్చిందన్నారు కదా? కర్ర పట్టుకోవాలంటే జేబులో దాన్ని ఆపేసి చెయ్యి బయటికి తియ్యాలి."

ఎవరూ అతని వైపు తిరగలేదు. తిరగక్కర్లేకుండానే అందరికీ తెలిసిపోయింది.

"ఎందుకు బావా?" బేసన్న గొంతు చాలా చిన్నగా వచ్చింది.

అతనికి వినపడలేదు. కుడిచెవి తిప్పి, "ఆఁ?" అన్నాడు.

దాంతో చెప్పాల్సింది సగం అయిపోయింది. మిగతా సగం ఆపరేటర్ చెప్పింది.

"రెండు నెలలుగా ఆ పై వరస స్పీకర్లు ఈయన ఎడమచెవికి సూటిగా మోగుతున్నాయి. చెవి పోతోంది. ఆ పాటలో మేడమ్ రెండో లైను చివర వినకపోతే ఈయన తప్పు చోట అందుకుంటాడు, చెవి సంగతి బయటపడుతుంది. బేస్ ఆగితే వినపడుతుంది. అందుకని ఆపాడు."

"ఒకసారే అనుకున్నాను బావా," అన్నాడు అతను. "ఆ రోజు నీమీద మాట పడింది. చెప్పేద్దామనుకున్నా. నోరు రాలేదు. రెండోసారి ఇంకా రాలేదు."

"నాకు చెబితే తగ్గించేవాణ్ణి కదరా! పెట్టె మార్చేవాణ్ణి!"

"ఎందుకు తగ్గించావని మేడమ్ నిన్నడిగేది. నువ్వు అబద్ధం చెప్పలేవు."

"అందుకని నన్ను ముసలాణ్ణనీ మతిమరుపనీ అందరూ అంటుంటే పక్కనే కూర్చున్నావా?"

ఆపరేటర్ మేడమ్ వైపు తిరిగింది.

"ఈయన చేసింది తప్పే. కానీ పెద్ద పెట్టె ఎవరు కావాలన్నారు? ఈ అమరిక ఎవరిది? చెవి నొప్పిగా ఉందని చెబితే ఇంటికి పంపించే చోట, మనుషులు ఒకళ్ళనొకళ్ళు ముంచుకుంటారు. ఇంకేం చేస్తారు? నేను పనిచేసిన చోటా ఇదే చూశాను."

మేడమ్ కాసేపు ఆలోచించింది. ఆలోచించిందంటే రేపటి ప్రోగ్రాం గురించి.

"సరే. బేసన్న ఉంటాడు. నువ్వు బయల్దేరు. డ్రమ్ములకి రేపు వేరే మనిషి వస్తాడు."

డ్రమ్ముల బావ జేబులోంచి ట్రాన్స్‌మిటర్ తీసి పెట్టె మీద పెట్టాడు. కర్రలు సంచిలో వేసుకున్నాడు. బేసన్న ఏదో అనబోయాడు. ఏమనాలి? వెళ్ళమనడానికి నోరు రాలేదు, ఉండమనడానికీ రాలేదు. మెట్ల మీద అడుగుల చప్పుడు కిందికి దిగి ఆగిపోయింది.

"రిపోర్టు కొట్టాలా అండీ?" అని టైపిస్టు మెల్లగా అడిగాడు.

"ఏమని కొడతారు? ఆయన వేళ్ళు బాగున్నాయి. అడిగింది అదేగా."

"టైమవుతోంది," అంది మేడమ్. "ఆ నెమ్మది పాట ఒక్కసారి చూసుకుందాం."

కీబోర్డు అమ్మాయి కళ్ళు తుడుచుకుని మెట్ల మీద చేతులు పెట్టింది. పాట మొదలైంది. బేసన్న వాయించాడు. ఒక్క స్వరం పోలేదు, ఒక్కటి వెనకపడలేదు. పాతికేళ్ళలో ఇంత బాగా ఎప్పుడూ వాయించి ఉండడు. రెండో లైను చివరకొచ్చింది. డ్రమ్ము పడాల్సిన చోట ఏమీ పడలేదు. మేడమ్ తర్వాతి లైను ఎత్తుకుని పాడుకుంటూ పోయింది. బేసన్న ఆ ఖాళీ పీట వైపు చూస్తూ ఆ చివరి స్వరాన్నే మళ్ళీ మళ్ళీ మీటుతూ అక్కడే ఉండిపోయాడు.