జానెడు దూరం

నరసరావుపేటలో హరికృష్ణ ఫొటో స్టూడియో కింద, ఇల్లు పైన. పొద్దున్నే షట్టరెత్తేది అతని చెల్లెలు కుసుమ. వాకిలి ఊడ్చి, టీ గ్లాసు పక్కన పెట్టుకుని కంప్యూటర్ ముందు కూర్చుందంటే, మధ్యాహ్నం భోజనం దాకా ఎవరితోనూ మాట్లాడే పని ఉండదు. అన్న తీసుకొచ్చిన పెళ్ళి ఫొటోలను సరిదిద్ది ఆల్బమ్‌గా కూర్చడం ఆమె పని. సత్తెనపల్లి నుంచి మాచర్ల దాకా ఎందరో పెళ్ళికూతుళ్ళ ముఖాలు ఆమెకు తెలుసు. మొటిమలు చెరిపింది, చెదిరిన కాటుకలు దిద్దింది. కుసుమ అనే మనిషి ఒకతి ఉందని మాత్రం వాళ్ళలో ఒక్కరికీ తెలియదు.

లారీ డ్రైవరుగా చేసే భర్త రోడ్డు ప్రమాదంలో పోయాక ఆమె అన్న ఇంటికి వచ్చేసింది. అప్పటికి అన్న కూతురు గోపిక పాలబువ్వ తినే పిల్ల. దానికి జడలేసి బడికి పంపింది కుసుమే. కానీ పెళ్ళిళ్ళకు మాత్రం వెళ్ళదు. రావద్దని ఎవరూ అనలేదు. ఎదురుపడితే కొందరు చూపు తిప్పుకుంటారు, అంతే. మనిషి ఇంట్లో కూర్చుండిపోవడానికి ఆ మాత్రం చాలదూ?

సాయంత్రం పూట మేడెక్కి, పాత కెమెరాకు లెన్సును వెనక్కి తిప్పి చేత్తో పట్టుకుని, మల్లెమొగ్గ మీది చీమలను ఫొటో తీసేది. అలా తిరగేస్తే చిన్నవి పెద్దగా కనబడతాయని ఏదో వీడియోలో చూసి నేర్చుకుంది. చీమలు శకునాలు చూడవు. ఆమెకు వాటితో బాగా పొత్తు కుదిరింది.

ఈమధ్య పెళ్ళి పార్టీలన్నీ క్లోజప్పులు అడుగుతున్నాయి. తలంబ్రాల గింజ, గోరింటాకు గీత, ఉంగరం మీద చెక్కిన పేరు. హరికృష్ణ తీసినవి మసకగా వచ్చాయని ఒక పార్టీ మొహం మీదే అనేసింది. అందులోనూ వచ్చే నెల గోపిక పెళ్ళి. పెళ్ళికొడుకుది క్రోసూరు. మన పిల్ల పెళ్ళికైనా దగ్గరివి తీసే మంచి మాక్రో లెన్సు ఉండాలని, ఏది కొనాలో స్తోమతు ఎరిగి చూడమని హరికృష్ణ చెల్లెలికే ఒప్పజెప్పాడు.

కుసుమ ఆ పని మీదే కూర్చుంది. అసలు సిసలు మాక్రో లెన్సు పాతదైనా అందే బేరం కాదు. లెన్సు ముందు బిగించే అద్దాలు చవకే గానీ అంచులన్నీ అలికేసినట్టు వస్తాయి. చివరికి రింగులు కొనమంది. అవి కెమెరాకూ లెన్సుకూ మధ్య తగిలించే ఖాళీ గొట్టాలు. లోపల అద్దమే లేదు గనక బొమ్మ చెడదు. ఇంట్లో ఉన్న చిన్న లెన్సుకే సరిపోతాయి, మిగిలిన డబ్బుతో ఒక లైటు వస్తుంది. ఒకటే ఇబ్బంది, జానెడు దూరంలోకి వెళ్తేగానీ ఫోకస్ కుదరదు. ఆ ఇబ్బందిని కూడా ఆమె సంబరంగానే చెప్పింది. గోపిక మెడలో పడే ముడిని తనే తీస్తానంది. హరికృష్ణ తలూపి గుంటూరు బస్సెక్కాడు.

సాయంత్రం అతను తెచ్చింది మోచేతి పొడవున్న జూమ్ లెన్సు. పాతదేనట, బేరం కుదిరిందట. షామియానా చివర కూర్చున్నా పెళ్ళికూతురి కనురెప్ప కూడా పడుతుందట. కుసుమ నవ్వేసి, అన్న పొరబడ్డాడనుకుంది.

"ఇది దూరానివి తీసేది గదన్నయ్యా. నేను చెప్పింది దగ్గరివి తీసేదానికి."

"తెలుసులేమ్మాయ్," అన్నాడతను తల దించుకుని.

తెలియకేం? జీవితమంతా కెమెరా పట్టినవాడు. అప్పుడు వదిన కోటేశ్వరి అన్నం వడ్డిస్తూ అసలు సంగతి బయటపెట్టింది. ముహూర్తం వేళకు మీ ఆడపడుచు పీటల దగ్గర ఉండదు కదా అని పెళ్ళికొడుకు నాయనమ్మ అడిగిందట. ఉండదని హరికృష్ణ మాటిచ్చాడట.

"నిన్ను రావద్దనలేదు కుసుమా. ఎనకాల కుర్చీల కాడ నిలబడి ఎన్నన్నా తీసుకో. నీ కోసమేగా తెచ్చింది."

కుసుమ చేతిలో ముద్దను కంచంలో పెట్టేసింది. "దూరం నుంచి చూసేదానికి నాకు లెన్సెందుకు వదినా? ఇన్నేళ్ళూ చేస్తంది అదేగా. దానికి జడలేసినప్పుడు లేని దోషం నా చేతులకి ఇప్పుడెక్కడి నుంచి వచ్చింది?"

కోటేశ్వరి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తనకు ఏ పట్టింపూ లేదంది. రేపు పిల్ల కాపురంలో ఏ చిన్న పొరపొచ్చం వచ్చినా లోకం ఆ నెపం కుసుమ మీదే పెడుతుందని, ఆ మాట తాను వినలేనని ఏడ్చింది. హరికృష్ణ అడకత్తెరలో పోకచెక్కలా కూర్చున్నాడు. కుసుమ చెయ్యి కడుక్కుని కిందికి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత ఆమె ఎవరినీ ఏమీ అనలేదు. పనికి పని చేసింది, పిలిస్తే పలికింది. మేడెక్కడం మానేసింది. ఆ మౌనం కంటే నాలుగు తిట్టినా బాగుండేదనిపించింది హరికృష్ణకు.

ఒక పొద్దున అతను రోడ్డవతల టీకొట్టు దగ్గర నిలబడి కొత్త లెన్సును పరీక్షిస్తూ తన స్టూడియో వైపే తిప్పాడు. తలుపు తీసి ఉంది. కంప్యూటర్ ముందు చెల్లెలు. కణతల దగ్గర అంత తెల్లదనం ఎప్పుడొచ్చిందో అతనికి తెలియదు. తెర మీద ఎవరో పెళ్ళికూతురు నవ్వుతోంది. దాన్ని చూస్తూ ఈమె కూడా నవ్వుతోంది, ఒక్కతే. ఒకే ఇంట్లో ఉంటూ ఆ నవ్వు చూడ్డానికి ఇంత లెన్సు కావాల్సి వచ్చిందా అనుకున్నాడతను.

అతను మరిచిపోయిన కళ్ళజోడు ఇవ్వడానికి కుసుమ లేచి రోడ్డు దాటింది. ఆమె దగ్గరయ్యే కొద్దీ లెన్సులో ముఖం చెదిరిపోయింది. ఎంత తిప్పినా కుదరలేదు. దగ్గరికొచ్చిన మనిషిని అది పట్టుకోలేదు. హరికృష్ణ కెమెరా దించి, చెల్లెలి ముందే కళ్ళు తుడుచుకున్నాడు.

"నేనిచ్చిన మాట తప్పు కుసుమా. నాకు బుద్ధిలేకపోయింది."

ఆ రోజే గుంటూరు వెళ్ళి, నష్టానికైనా సరేనని లెన్సు తిరిగిచ్చి రింగులూ లైటూ తెచ్చాడు. మర్నాడు క్రోసూరు వెళ్ళి, తన చెల్లెలు పీటల కాడే ఉంటుందని, మీ ఇంటికొచ్చేది ఆమె పెంచిన పిల్లేనని చెప్పొచ్చాడు. ముసలావిడ మూతి ముడిచింది గానీ కాదనలేదు.

తీరా ముహూర్తానికి కుసుమ అడుగులే ముందుకు పడలేదు. కెమెరా మెళ్ళో వేసుకుని మండపం స్తంభం దగ్గరే నిలబడిపోయింది. అలవాటు అలాంటిది. గట్టిమేళం మోగింది. గోపిక తల తిప్పి మేనత్త కోసం వెతికింది. అది చూసి కోటేశ్వరి నలుగురినీ తోసుకుంటూ దిగివచ్చి, ఆడపడుచు మణికట్టు పట్టుకుని పీటల దాకా లాక్కెళ్ళింది.

కుసుమ గోపిక వెనక మోకాళ్ళ మీద కూర్చుని వంగింది. జానెడు దూరంలో తను దువ్వి పెంచిన జడ, పసుపుతాడు, పెళ్ళికొడుకు వేళ్ళు. ఇంత దగ్గరగా తీసేటప్పుడు ఊపిరి బిగబట్టకపోతే బొమ్మ మసకైపోతుంది. ఆమెకు చేతులు వణుకుతున్నాయి, కళ్ళు నిండిపోతున్నాయి.

కోటేశ్వరి పక్కన కూర్చుని ఒక చేత్తో లైటు ఎత్తింది. రెండో చేత్తో కుసుమ మోచేతిని పట్టుకుంది.

"నిదానంగా తియ్యమ్మా. నేను పట్టుకున్నాగా," అంది.

మూడో ముడి పడేదాకా ఆ చెయ్యి వదల్లేదు.