కత్తిరించిన వన్సుమోరు

పొద్దున్నే మిరియాల నీళ్ళు పుక్కిలించనిదే మద్దిలేటికి తెల్లారదు. పద్యనాటకాల్లో రాజు వేషం ఆయనది. ఆయన రాగం ఎత్తుకుంటే ఆళ్లగడ్డలో బస్సెక్కినోడు నంద్యాలలో దిగి టీ తాగేదాకా దించడని ఊళ్ళో చెప్పుకుంటారు. చెప్పుకునేది ఎక్కువగా ఆయనే.

ఆ నీళ్ళు నోట్లో ఉండగానే రుద్రవరం నుంచి ఫోన్ వచ్చింది.

"మద్దిలేటన్నా, ఈసారి తిరునాళ్ళకు నాటకం వద్దనుకున్యాం. అందరూ నీది ఫోన్లోనే చూస్తాండారు. డీజే పెడతాండాం."

నాటకం ఆడించే ఊరు అదొక్కటే మిగిలింది. ఇప్పుడు అదీ పోయింది. పుక్కిలించే నీళ్ళు గుటుక్కున మింగేశాడు మద్దిలేటి.

నంద్యాల నుంచి వచ్చిన కూతురు నాగజ్యోతి పొయ్యి దగ్గరుంది. పోయినేడు నాటకాన్ని ఫోన్లో తీసి, యూట్యూబులో పెట్టింది ఆమే.

"తీసెయ్ దాన్ని!"

"తీసేస్తే జనం వస్తారా నాయనా? ఎంతమంది మెచ్చుకుంటాండారో చూడు."

"మెచ్చుకునేటోళ్ళు యాడ కూర్చున్నారు? కిరీటం పెట్టుకొని ఫోన్‌కు దండం పెట్టాల్నా?"

నాగజ్యోతి వీడియో పెట్టింది. పద్యం అయిపోయింది. ఆ వెంటనే తర్వాతి రంగం. మద్దిలేటి ఉలిక్కిపడ్డాడు.

"వన్సుమోరు యాడ పోయింది?"

"అదే పద్యం రెండుసార్లెందుకని కత్తిరించినా."

"పద్యం నాది, మే. వన్సుమోరు జనానిది. నాది ఉంచి వాళ్ళది పారేస్తివా?"

నాగజ్యోతి కత్తిరించకముందుది వెతికి పెట్టింది. పద్యం చివర, జనం కేకలకంటే ముందు, ఫోన్ పక్కనే ఒక ఆడగొంతు లేచింది.

"వన్సుమోరూ!"

కొండమ్మ! "గొంతు చించుకొని ఏం సంపాదిస్తివి?" అని కన్నుమూసేదాకా ఎత్తిపొడిచిన పెళ్ళాం. స్టేజీ మీదికి కేకలన్నీ ఒక్కటిగానే వినపడేవి. మొదట అరిచేదెవరే అని అడిగితే, "తాగుబోతు నాయాలెవడో" అనేది.

"ఎప్పుడూ మీయమ్మేనా?"

"నన్నూ అరవమని గిల్లేది. ఆ గొంతు వినలేకే కత్తిరించినా నాయనా."

మద్దిలేటి తువ్వాలు భుజాన వేసుకొని, పొయ్యి ముందు నిలబడి పద్యం ఎత్తుకున్నాడు. రాగం నంద్యాల దాకా పోలేదు. గడప దాటకముందే తెగింది. అయినా చివర చెయ్యెత్తి, ఎప్పటిలాగే ఆగాడు.

అరుద్దామని నాగజ్యోతి నోరు తెరిచింది. కేకకు ముందే ఏడుపొచ్చింది.

"వినపడిందిలే, మే," అని ఆయన మళ్ళీ మొదటినుంచి ఎత్తుకున్నాడు.