అలారం మోగని మంగళవారాలు

మూడు మంగళవారాల్లో ముగ్గురు ఏజెంట్లు పోయారు. ముగ్గురూ సరిహద్దుకి అవతల మారుపేర్లతో బతుకుతున్నవాళ్లే.

"ఇవాళ నాలుగో మంగళవారం," అన్నాడు చీఫ్. "మన కంప్యూటర్లలోంచే పేర్లు వరసగా బయటికి పోతున్నాయి. సరిగ్గా పదకొండింటికి. చొరబాటు అలారం ఒక్కసారీ మోగలేదు. తర్వాతి పేరు ఎవరిదో తెలుసుగా?"

ఏజెంట్ నైన్‌కి తెలుసు. అది తన బావమరిది పేరు. తమ్ముడు ఏదో ఎగుమతుల కంపెనీలో ఉన్నాడనుకుంటోంది భార్య. ఆ అబద్ధం చెప్పిందీ, అతన్ని ఈ గూఢచారి పనిలోకి లాగిందీ నైనే. నైన్‌కి భయం వేసింది. కానీ ఇరవై రెండేళ్ల సర్వీసు తర్వాత గట్టిగా భయపడటానికి కూడా ఓపిక లేదు.

పదిన్నరకి ఏసీ మెకానిక్ వేషంలో కంట్రోల్ రూంలో అడుగుపెట్టాడు.

"ఏసీ బాగానే ఉందిగా, నిన్నెవడు పంపాడు?" ఆపరేటర్ విసుక్కున్నాడు.

"ఎండ ముదిరిందని ఫోనొచ్చింది."

కోడ్ వర్డ్ వినగానే ఆపరేటర్ లేచి నిలబడ్డాడు. "కూర్చోండి సార్."

"అలారం ఎందుకు మోగట్లేదు?"

"మోగేది సార్! ఆడిటర్ మేడం ప్రతి మంగళవారం సెక్యూరిటీ స్కాన్ చేస్తారు. ఆవిడ మెషిన్ మన కంప్యూటర్లన్నిటి తలుపులూ తట్టి, గడియలు గట్టిగా ఉన్నాయో లేదో చూస్తుంది. తట్టినప్పుడల్లా ఈ అలారం దొంగా దొంగా అని గోల. పూటకి నాలుగొందలసార్లు! తల వాచిపోయింది. ఆ మెషిన్‌ని నమ్మకమైనవాటి లిస్టులో పెట్టేశా."

"అంటే దేన్ని వదిలెయ్యమని రాశావ్?"

"దాన్నుంచి ఏమొచ్చినా."

"తలుపు తడితే సరే. లోపలికొచ్చి బీరువా తీస్తే?"

ఆపరేటర్ గబగబా సొరుగు లాగాడు. మెషిన్‌ని లిస్టులో పెట్టమన్న అనుమతి కాగితం తీసి చూపించాడు. కింద సంతకం నైన్‌దే.

మేడంని శత్రువుల ముఠాలోంచి మనవైపు తిప్పిన ఘనుడు కూడా తనే. ముత్యాల కమ్మలు, నాలుగు భాషలు, ఎంతటివాణ్నయినా కరిగించే నవ్వు. ఆ నవ్వుకి తనూ బోల్తాపడ్డాడు.

"రూల్ మార్చు. స్కాన్ వరకే వదిలెయ్, ఫైల్ ముట్టుకుంటే మోగాలి. మొత్తంగా తీసెయ్యకు. తీస్తే ఇప్పుడే గోల మొదలై ఆవిడ జాగ్రత్తపడుతుంది."

ఆపరేటర్ కీబోర్డు దగ్గరికి లాక్కున్నాడు. ఒకసారి తప్పు కొట్టి, చెరిపి, మళ్లీ కొట్టాడు. పది యాభై ఎనిమిదికి రూల్ సేవ్ అయింది.

నైన్ మేడం కూర్చున్న పక్కగదిలోకి వెళ్లి, ఏసీ చూస్తున్నట్టు స్టూలెక్కాడు. మేడం తలెత్తలేదు. "కాసేపాగి రావయ్యా." ఆమె స్క్రీన్ మీద అంకెలు పరుగెడుతున్నాయి. అది స్కానో దొంగతనమో కంటికి తేలదు. తొందరపడి కేబుల్ లాగితే ఆమె దొరకదు, లాగకపోతే బావమరిది దక్కడు.

పదకొండు. అలారం చెవులు చిల్లులు పడేలా మోగింది.

"ఏజెంట్ల పేర్ల ఫైల్ తెరిచింది సార్!" గోడవతల నుంచి కేక.

నైన్ కేబుల్ పీకేశాడు. స్క్రీన్ మీద బావమరిది పేరు సగంలో ఆగిపోయింది. ఆమె చెయ్యి లిప్‌స్టిక్ మీదికి పోయింది. అతను ముందే లాక్కున్నాడు. అందులో విషపు సూది పెట్టడం నేర్పింది కూడా తనే మరి.

"నన్ను నమ్మావుగా," అందామె.

"అవును," అన్నాడతను. కోపం కూడా రాలేదు. ఎక్కడైనా కాసేపు పడుకోవాలనిపించింది.

ఆమెని తీసుకెళ్లాక ఆపరేటర్ వచ్చాడు. "నమ్మకమైనవాటి లిస్టులో ఇంకా ఇరవై రెండు మెషిన్లున్నాయి సార్. రూల్ మార్చడం దేంతో మొదలుపెట్టమంటారు?"

"నాదాంతో."

"మీదాన్నా? మిమ్మల్ని నమ్మకపోతే ఎలా సార్?"

"అలా అనే ఇంతవరకు తెచ్చుకున్నాం. మార్చు."