రెండో గుప్పెడు ఉప్పు

"పగిలిపోయాయి! ఒక్కటీ మిగల్లేదు!"

తనూజ మైక్రోస్కోపు మీంచి తలెత్తేసరికి ఆమె కళ్లనిండా నీళ్లు.

బందరు కాలేజీ ల్యాబులో ఆర్నెల్లు కూర్చుని పొర మీద పొర వేసి చేసిన పాలిమర్ మైక్రోక్యాప్సూల్స్ అవి. ఆవగింజంత చోట కోట్లు పట్టే బుల్లి డబ్బీలు. వాటిలో సీరియం ఆక్సైడ్ నానోరేణువులు: ఒంట్లోని కణాలు విషానికి కాలిపోకుండా కాపాడే యాంటీఆక్సిడెంటు. ఇప్పుడు చితికిన గుడ్డు పెంకుల్లా పడున్నాయి.

సాయంత్రం ఐదుకి గైడు గారు వీడియోలో చూస్తారు. చూపించడానికేం లేకపోతే ప్రాజెక్టు ఆగిపోతుంది. తనూజ గుడివాడ రైలెక్కి వెళ్లిపోతుంది, ఇక రాదు.

ల్యాబ్ టెక్నీషియన్ ఫిలిప్‌కి ఆ చివరి సంగతే గుండెలో గుచ్చుకుంది.

"నిన్న గాలివానకి కరెంటు పోతే ఐస్‌పెట్టెలోనే పెట్టాం కదండీ?" అన్నాడు.

"కరిగే ఐస్ సున్నా దగ్గరే ఆగుతుంది ఫిలిప్ గారూ. ఇవి అంతకంటే కిందికి దిగి గడ్డకట్టాయి. మంచు సూదులు గుచ్చుకుని పగిలాయి. కరెంటొచ్చాక ఎవరో డీప్ ఫ్రీజర్లో పెట్టి తీశారు. తాళాలు ఎవరి దగ్గరున్నాయి? సుందరరాజు గారి దగ్గర!"

ఫిలిప్ చూపు ఐస్‌పెట్టె మీదికి పోయింది. వానలో తమ ఊరి చేపల రేవు గిలకలదిండి వెళ్లి ఐస్ తెచ్చింది తనే. నాన్న బోటులో చేసినట్టే, చల్లదనం బాగా పట్టాలని పైన రాళ్లుప్పు చల్లిందీ తనే. ఉప్పు పడితే ఐస్ సున్నా దగ్గర ఆగదు, ఇంకా కిందికి దిగుతుంది.

ఇంతలో అటెండరు సుందరరాజు తలుపు దగ్గర నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"ఫ్రీజర్ నేను ముట్టుకోలేదమ్మా. పెట్టెలో పట్టని ట్యూబొకటుంటే, తడిగుడ్డ చుట్టి నా మంచినీళ్ల కుండకి ఆనించా. అంతే."

తనూజ పరుగెత్తింది. ఆ ట్యూబులో డబ్బీలన్నీ నిక్షేపంగా ఉన్నాయి!

"ఒకటి దాచి మిగతావి గడ్డకట్టించారన్నమాట! రిపోర్టులో మీ పేరే రాస్తా."

"రిటైర్మెంటుకి నాలుగు నెలలుందమ్మా..." అని ఆయన తలదించుకుని వెళ్లిపోయాడు.

చెబితే తనూజ మళ్లీ తన మొహం చూడదు. చెప్పకపోతే ఆయన ఉద్యోగం పోతుంది. ఫిలిప్ కణాలున్న డిష్‌లు రెండు తెచ్చి బల్ల మీద పెట్టాడు.

ఆ ట్యూబులోని డబ్బీల్ని పొద్దున్నే ఒక డిష్‌లోని కణాల మీద మాత్రమే వేశారు. బయట వాన మళ్లీ పట్టుకుంది.

"ఏంటండీ, చేప ముల్లు మింగినట్టు మొహం?" అంది తనూజ మధ్యాహ్నం, తన క్యారేజీలోంచి సగం పులిహోర అతని మూతలో పెడుతూ.

"ఏం లేదండీ."

"గిలకలదిండి వాళ్లకి అబద్ధం చెప్పడం రాదనుకుంటా."

నాలుగింటికి రెండు డిష్‌ల్లోనూ పెరాక్సైడ్ విషం చుక్కలు వేసింది. గంట తర్వాత, "రండి, చూడండి," అని పక్కకి జరిగింది.

మొదటి డిష్‌లో డబ్బీలు లేవు. కణాలు ముడుచుకుని నల్లబడ్డాయి.

రెండోది చూస్తూ ఫిలిప్ మైక్రోస్కోపు మీదికి ఇంకా వంగాడు. ప్రతి కణం కడుపులో, మెరిసే రంగు పట్టించిన డబ్బీలు పచ్చటి దీపాల్లా! ఓ కణం తన అంచుని అరచేతిలా చాచి, డబ్బీని మెల్లగా లోపలికి తీసుకుంటోంది. అంత విషంలోనూ అన్నీ బతికే ఉన్నాయి.

"దానికెవరు నేర్పారండీ?" అన్నాడు.

"ఎవరూ నేర్పలేదు. నాకూ చూసిన ప్రతిసారీ ఒళ్లు జలదరిస్తుంది."

వీడియోలో గైడు గారు రెండు డిష్‌లూ మళ్లీ చూపించమన్నారు. తర్వాత ఒకే మాటన్నారు: "కొనసాగించమ్మా."

తనూజ నవ్వుతూ రిపోర్టు తెరిచింది. పెన్ను పక్కన చిన్న రాళ్లుప్పు పలుకు పెట్టింది.

"పొద్దున ఐస్‌పెట్టె అడుగున దొరికింది. ఎవరైనా నోరు విప్పుతారేమోనని రోజంతా చూశా. సుందరరాజు గారికి అప్పుడే సారీ చెప్పేశా. ఎంత వేశారేంటి?"

"రెండు గుప్పిళ్లు."

"రెండా? ఎందుకు?"

"మార్కెట్టుకి వెళ్లే చేపకి మా నాన్న ఒక్క గుప్పెడే చల్లుతాడు." ఫిలిప్ కిటికీలో వానకేసి చూస్తూ అన్నాడు. "రెండోది సొంత మనుషుల పెట్టెకే."

తనూజ చెవులు ఎర్రబడ్డాయి. ఆ ఉప్పు పలుకుని జాగ్రత్తగా కర్చీఫ్ కొసన ముడేసి, పెన్ను చేతిలోకి తీసుకుంది.

"రిపోర్టులో బాధ్యులు అని ఓ గడి ఉంది. మీ నోటితో చెబితేనే రాస్తా. ఎవరు?"

"ఫిలిప్," అన్నాడతను. "గిలకలదిండి ఫిలిప్."