ఊళ్ళన్నిటికీ నడుమ

"ఆ కొత్త రాజధానికి నేను రానంటే రాను!" అత్తగారు కంచం ముందునుంచి లేచిపోయింది. "నిక్షేపంలాంటి ఈ ఊరుండగా ఆ బీడులోకి రాజధానిని లాక్కుపోయారు! వాళ్ళ బుర్రలకేమైంది?"

"రాష్ట్రానికి నడిమధ్యన ఉంటుందనీ..." అంటూ కొడుకు నసిగాడు. అతను సచివాలయంలో గుమాస్తా. ఇక్కడే మిగిలే చిన్న ఆఫీసులో ఉండిపోవచ్చు కూడా. వెళ్ళేదీ లేనిదీ సాయంత్రంలోగా చెప్పాలి.

కోడలు కంచాలు తీస్తూ వీధివైపు చూసింది. వీధి మలుపులో ఆమె కుట్టుదుకాణం ఉంది. చేతులు కాయలు కాచేలా కుట్టి నిలబెట్టుకున్నది! దాన్ని వదిలి ఎలా వెళ్ళడం?

అప్పుడే ఆడపడుచు ఫోను. "వదినా... నాకు మళ్ళీ నెల తప్పింది. భయమేస్తోంది వదినా!"

కోడలికి నాటి కాన్పు గుర్తొచ్చింది. ఆడపడుచు ఊరు రాష్ట్రానికి ఆ చివర, ఈ పాత రాజధాని ఇటు చివర. తొలికాన్పు కష్టమై రాజధాని పెద్దాసుపత్రికి తీసుకురమ్మంటే, ఎన్ని ఊళ్ళు దాటినా దారి తరగలేదు. పసిగుడ్డు దారిలోనే కన్నుమూసింది... ఆసుపత్రి గుమ్మంలో ఆడపడుచును కౌగిలించుకున్నది ఈ వదినే!

ఫోను పెట్టేసి భర్త దగ్గరికి వచ్చింది. "వెళ్దామండీ. అక్కడ పెద్దాసుపత్రి తెరిచారుగా! మనం ఉంటే మీ చెల్లెలు ఆసుపత్రి పరీక్షలకు వచ్చి మన దగ్గరే దిగుతుంది."

"మరి నీ దుకాణం?"

"మనిషికంటేనా?" అంది నవ్వుతూ. పెరట్లోకి వెళ్ళి మాత్రం వెక్కి వెక్కి ఏడ్చింది. కూతురి కబురు విన్నాక అత్తగారూ మారుమాట్లాడకుండా సామాను సర్దింది.

కొత్త రాజధానిలో ఊడ్చినకొద్దీ దుమ్ము. నీళ్ళబండి ఎప్పుడొస్తే అప్పుడే బిందెలతో పరుగు! అయినా ఆడపడుచు వచ్చినప్పుడల్లా కోడలే ఆమెను డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది. "ఏమాత్రం తేడా అనిపించినా ఆగకండి," అని డాక్టరమ్మ ముందే హెచ్చరించింది.

తేడా రానే వచ్చింది, నెలలు నిండకముందే! ఈసారి పొద్దున బయల్దేరిన కారు మధ్యాహ్నానికే ఆసుపత్రి చేరింది. గుమ్మంలో వదిన నిలబడి ఉంది. లోపల డాక్టరమ్మ సిద్ధంగా ఉంది.

సాయంత్రం బిడ్డ ఏడుపు వినిపించింది! ఆడపడుచు పాపను ముందు వదిన ఒళ్ళోనే పెట్టించింది. "నువ్వు లేకపోతే ఇది లేదు వదినా..." కోడలు పాప నుదురు నిమురుతూ ఉండిపోయింది.

వరండాలో బావాబావమరుదులిద్దరూ అప్పుడే వాదనకు దిగారు. "ఎన్ని చెప్పండి బావా, రాజధాని పెట్టాల్సిన చోటు కాదిది! తాగడానికి నీళ్ళేవీ?" అన్నాడు కొడుకు.

"మా ఊరినుంచి వచ్చి చూడు, తెలుస్తుంది!" అన్నాడు అల్లుడు.

అత్తగారు చరచరా బయటికొచ్చి కొడుకును కసిరింది. "ఒరేయ్, రాజధాని ఎక్కడికీ పారిపోదు. నీ పెళ్ళాం పొద్దుట్నుంచి పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. ముందు దానికేమన్నా తెచ్చిపెట్టు!" లోపల కోడలి వైపు చూసింది. "బంగారుతల్లి... నా కూతురికి అమ్మయింది!"